కోటు లోపలి నీళ్ళు

ఆ ఏడు సెప్టెంబరులో మా వాకిట మూడు తొట్లు పెట్టాం. మొదటి దానిలో మంచినీళ్ళు, రెండో దానిలో మందునీళ్ళు, మూడో దానిలో మళ్ళీ మంచినీళ్ళు. సముద్రం నుంచి పైకి వచ్చిన ప్రతి డైవరూ తన సరంజామా యావత్తూ ఆ వరుసలోనే ముంచి తీయాలి. ముంచుతున్నదీ లేనిదీ చూడటానికి నేను కుర్చీ వేసుకుని కూర్చునేదాన్ని. ఆ పనికి నన్నెవరూ నియమించలేదు. ముప్ఫై ఆరేళ్ళు బడిలో వ్యాకరణం చెప్పిన మనిషికి నియామకం అక్కరలేదని నేనే అనుకున్నాను.

కరీబియన్ సముద్రంలోని మా బొనైర్ దీవిలో అది గాలి పడిపోయే కాలం. తొమ్మిది నెలల పాటు తూర్పు నుంచి విసురుగా వీచే గాలి ఆగిపోతుంది. సముద్రం పళ్ళెంలో పోసిన నూనెలా కదలకుండా ఉంటుంది. నీళ్ళు ఒంటికి జ్వరంలా తగులుతాయి. ఆ వెచ్చదనంలోనే జబ్బు వచ్చింది. మొదట పట్నం రేవు దగ్గర ఒక పగడం మీద అరచేతంత తెల్లమచ్చ కనిపించింది. మరుసటి వారానికి అది పీటంత అయింది. మూడో వారానికి, మా ముత్తాతలు పుట్టక ముందు నుంచీ పెరుగుతున్న పగడం వట్టి ఎముకగా మిగిలింది. బతికి ఉన్న పగడానికి పలచని చర్మం ఉంటుంది. ఆ జబ్బు దాన్ని ఒలుచుకుంటూ పోతుంది.

జబ్బు ఎవరు తెచ్చారన్న ప్రశ్నకు నా దగ్గర సమాధానం సిద్ధంగా ఉండేది. ఓడల అడుగున నీళ్ళు మోసుకొచ్చి ఇక్కడ పారబోసేవాళ్ళు తెచ్చారు. ఫొటో కోసం పగడం మీద మోకాళ్ళూని కూర్చునేవాళ్ళు తెచ్చారు. ఈ దీవి తమ స్నానాల తొట్టి అనుకునేవాళ్ళు తెచ్చారు. ఆ మాటలు నేను రొట్టెల కొట్లో, చర్చి మెట్ల మీద, రేడియోలో కూడా అన్నాను. వాటిలో అసత్యం లేదు. అందుకే అవి నాకు అంత హాయిగా ఉండేవి.

మా తమ్ముడు విల్ఫ్రిడోకు అయిదు గదుల బస, ట్యాంకుల్లో గాలి నింపే కంప్రెసర్, ఒక తెల్ల పికప్పు బండి ఉన్నాయి. నేనుండేదీ అక్కడే. బసకు వచ్చిన డైవర్లను పగడాల దగ్గరకు తీసుకెళ్ళేది అతని కూతురు మైరెలిస్. ముప్ఫై ఒక్కేళ్ళది. సముద్రపు పార్కు ఆఫీసు వాళ్ళు ఇచ్చిన గైడు లైసెన్సు కార్డును స్నానానికి వెళ్ళేటప్పుడు కూడా మెడలోంచి తీయదని వాళ్ళ నాన్న ఎగతాళి చేసేవాడు.

ఆ రోజుల్లో ఒహాయో నుంచి ప్రెంటిస్ అనే పళ్ళ డాక్టరూ ఆయన భార్యా మా బసలో దిగారు. డైవింగ్ కోటును, అంటే నీళ్ళలో తేలడానికీ మునగడానికీ గాలి నింపి వదిలే ఆ చేతుల్లేని కోటును, ఆయన ఒక్కసారి ముంచి తీసి తీగ మీద ఆరేయబోయాడు.

"డాక్టరుగారూ, ఆ కోటు లోపలో?" అన్నాను.

"లోపలేముంటుందండీ? గాలే కదా."

"గాలి వదిలినప్పుడల్లా గొట్టంలోంచి సముద్రం కూడా లోపలికి దూరుతుంది. అరలీటరు ఉంటుంది. ఆ గొట్టంలోంచే మందునీళ్ళు పోయండి. ఊపండి. పది నిమిషాలు ఉంచి, తలకిందులు చేసి వంచేయండి."

"ఈవిడ మా ఆయన నోరు కూడా కడిగించేట్టున్నారు," అంది ఆయన భార్య నవ్వుతూ.

"పళ్ళ డాక్టరు కదా, ఆ పని స్వయంగా చేసుకుంటారని వదిలేశాను."

మైరెలిస్ నా కుర్చీ వెనక్కి వచ్చి చెవిలో గొణిగింది. "అత్తా, వాళ్ళు మన అతిథులే. నీ అయిదో తరగతి పిల్లలు కారు."

"అయిదో తరగతి పిల్లలకు ఒకసారి చెబితే సరిపోయేది."

"అవును పాపం. రెండోసారికి వాళ్ళ చెవి నీ చేతిలో ఉండేది కదా."

ఆ మాటకు పక్కనే కాఫీ తాగుతున్న పార్కు రేంజరు రూత్సెల్ పడీపడీ నవ్వాడు. అతనూ నా విద్యార్థే. నలభై దాటినా నన్ను చూస్తే కాఫీ కప్పు కింద పెట్టి లేచి నిలబడేవాడు. ఉత్తరపు తీరం మొత్తం ఆ సోమవారం నుంచి మూసేస్తున్నామని, అక్కడికి జబ్బు ఇంకా చేరలేదని, చేరనివ్వకూడదని చెప్పడానికి వచ్చాడు.

"మరి యాయా దగ్గరి స్తంభాల పగడం?" అంది డాక్టరు భార్య. "మేం వచ్చిందే దాన్ని చూడటానికి. మైరెలిస్, ఏదో ఒకటి చెయ్యవూ?"

"చూద్దాం లెండి," అంది మైరెలిస్ కన్నుగీటుతూ. "రూత్సెల్ అన్న నిద్రపోయినప్పుడు చెప్తా."

రూత్సెల్ దానికీ నవ్వాడు. అందరం నవ్వాం.

మా దీవిలో నీళ్ళలోకి దిగే ప్రతి చోటా రోడ్డు పక్కన పచ్చరంగు పూసిన రాయి ఒకటి ఉంటుంది. దాని మీద ఆ చోటి పేరు రాసి ఉంటుంది. రాయి దగ్గర బండి ఆగి ఉందంటే బండి తాలూకు మనుషులు నీళ్ళ కింద ఉన్నారని అర్థం. యాయా అన్న రాయికి ఎదురుగా, పద్నాలుగు మీటర్ల లోతున, తొమ్మిది స్తంభాల పగడం ఉండేది. మిగతా పగడాలు పగలు ముడుచుకుని రాత్రి విచ్చుకుంటాయి. స్తంభపు పగడం పట్టపగలే విచ్చుకుంటుంది. దాని ఒంటినిండా గోధుమరంగు నూగు ప్రవాహంతో పాటు ఊగుతుంది. ముప్ఫై నాలుగేళ్ళుగా నేను దాన్ని కొలుస్తున్నాను. ఏడాదికి నా చిటికెన గోరంత పెరిగేది. నాది అని ఎప్పుడూ అనలేదు. అనుకోవడానికి మాత్రం నాకు ఎవరి అనుమతీ అవసరం రాలేదు.

మూసేసిన నాలుగో రోజు, గురువారం. ఉదయం రేవు దగ్గర స్వచ్ఛంద సేవకుల జట్టుతో నీళ్ళలోకి దిగి, జబ్బు పడిన పగడాల అంచుల వెంట మందు ముద్ద మెత్తాను. రొట్టెకు వెన్న రాసినట్టు వేలితో రాయాలి. చర్మం వదిలేసిన చోట పొరలు పొరలుగా ఏదో లేచి ముఖానికి వచ్చి తగిలేది. మధ్యాహ్నం ఇంటికి వచ్చాను. విల్ఫ్రిడో కంప్రెసర్ తాలూకు ఏదో ముక్క కోసం పట్నం వెళ్ళాడు. మైరెలిస్ పొద్దుటి నుంచి రెండుసార్లు నీళ్ళలోకి దిగి అలసి తన గదిలో నిద్రపోతోంది. అతిథులు ఎటో నడకకు వెళ్ళారు. బండి తాళాలు వంటింటి మేకుకు వేలాడుతున్నాయి.

మూసివేత జనానికి. నేను జనం కాదని నా అభిప్రాయం.

కాళ్ళ రెక్కలూ, ముఖం అద్దమూ, కోటూ మూడు తొట్లలోనూ ముంచి తీశాను. కోటు లోపలి భాగాన్ని మరచిపోలేదు. పొద్దు వాలుతోంది, పది నిమిషాలు పడుతుంది అని లెక్క వేసుకుని వదిలేశాను. బండి యాయా రాయి దగ్గర ఆపి ఒంటరిగా దిగాను. పగడం చెక్కుచెదరలేదు. తొమ్మిది స్తంభాలూ ఒక్కొక్కటిగా చూశాను. లోతు సర్దుకోవడానికి గాలి వదిలినప్పుడల్లా గొట్టంలోంచి బుడగలతో పాటు ఆ ఉదయపు రేవు నీళ్ళు కూడా బయటికి వచ్చి ఉండాలి. నేను బుడగలనే చూశాను. నలభై ఒక్క నిమిషాల తర్వాత తృప్తిగా పైకి వచ్చాను.

అక్టోబరు మూడో వారంలో రూత్సెల్ వచ్చాడు. ఈసారి కాఫీ వద్దన్నాడు.

"యాయాకు పట్టుకుంది," అన్నాడు. "మూడు స్తంభాల మొదళ్ళు తెల్లబడ్డాయి."

అతను నా వైపు చూడటం లేదు, మైరెలిస్‌ను చూస్తున్నాడు.

"గాలాలు వేసేవాడొకడు చెప్పాడు. మూసేసిన వారమే, గురువారం సాయంత్రం, మీ తెల్లబండి రాయి దగ్గర ఉందట. వెనక అద్దానికి మీ బస బొమ్మ కూడా చూశాడట."

"నేను కాదన్నా," అంది మైరెలిస్.

"ఆ డాక్టరు భార్యను నేను నిద్రపోయాక తీసుకెళ్తానని నా ముందే అన్నావుగా."

"హాస్యానికన్నాను. నువ్వూ నవ్వావు."

"అప్పుడు నవ్వాను. వాళ్ళకు ఉత్తరం రాస్తే వెళ్ళలేదనే రాశారు. వెళ్ళామని ఎవరు రాస్తారు? ఆ సాయంత్రం నువ్వెక్కడున్నావు?"

"నా గదిలో. పడుకున్నాను."

"ఎవరైనా చూశారా?"

"పడుకున్నప్పుడు జనాన్ని పిలిచి చూపిస్తారా అన్నా ఎవరైనా?"

రూత్సెల్ నొసలు రుద్దుకున్నాడు. తర్వాత లేచి నిలబడి నా వైపు తిరిగాడు. "టీచరమ్మా, ఆ రోజు మీరు ఇంట్లోనే ఉన్నారు. మీరు చెప్పండి, చాలు. ఇంకెవర్నీ అడగను. మీరు అబద్ధమాడరని ఈ దీవిలో మేకలక్కూడా తెలుసు."

మైరెలిస్ కూడా నా వైపు చూసింది. ఆమె ముఖంలో దిగులు లేదు. అత్త ఉంది, చెబుతుంది అన్న నిబ్బరం ఉంది.

"తాళాలు మేకుకు ఉంటాయి," అన్నాను. "బండి ఎవరు తీసుకెళ్ళారో నేను చూడలేదు."

ఆ వాక్యంలో ఒక్క మాట కూడా అబద్ధం కాదు. ఎవరూ తమను తాము చూసుకోలేరు. నిజమైన వాక్యానికీ నిజం చెప్పే వాక్యానికీ తేడా ఉందని ఏటేటా పిల్లలకు నల్లబల్ల మీద రాసి చూపినదాన్ని. ఆ తేడాలో ఒక మనిషి దాక్కునేంత చోటు ఉందని ఆ క్షణంలో కనిపెట్టాను.

లైసెన్సు కార్డును ఏడాది పాటు వెనక్కి తీసుకున్నారు. మైరెలిస్ దాన్ని మెడలోంచి తీసేటప్పుడు పట్టీ జుట్టుకు చిక్కుకుంది. రూత్సెలే విడదీశాడు.

ఆ ఆదివారం మధ్యాహ్నం భోజనానికి ముగ్గురం కూర్చున్నాం. ఫుంచీ అనే మొక్కజొన్న సంకటి, ఎర్రచేప పులుసు. విల్ఫ్రిడో తల వంచుకుని తింటున్నాడు. అతనిది కోపం వస్తే ముందు మెడ ఎర్రబడే తత్వం.

"తీసుకెళ్తే తీసుకెళ్ళావు," అన్నాడు చివరికి. "తప్పే. కానీ తప్పు ఎవడైనా చేస్తాడు. వాడు ఎదురుగా నిలబడి అడిగితే కాదంటావేం?"

"తీసుకెళ్ళలేదు కాబట్టి."

"బండి తనంతట తను నడిచిపోయిందా?"

"నాకేం తెలుసు? గాడిదలు తోలాయేమో."

"నాతో వెటకారమా? నలభై ఏళ్ళుగా ఈ నీళ్ళ మీద బతుకుతున్నాను. దొంగతనంగా మునిగినవాణ్ణి చూశాను కానీ, అబద్ధాలకోరును నా ఇంట్లోనే పెంచానని అనుకోలేదు."

మైరెలిస్ చెంచా కంచంలో పెట్టింది. చప్పుడు కాకుండా పెట్టింది. లేచి వెళ్ళిపోయింది. నేను అక్కడే ఉన్నాను.

జబ్బును నేనే మోశానని ఎవరూ రుజువు చెయ్యలేరు. ప్రవాహం ఎటు నుంచి ఎటు పోతుందో పుస్తకాలు తీసి చూశాను. రేవు నుంచి ఉత్తరానికి నీళ్ళు చేరడానికి ఎన్ని రోజులు పడుతుందో కాగితం మీద గీశాను. చేరి ఉండవచ్చు. ఆ 'ఉండవచ్చు' అన్న మాట మీద నేను దాదాపు రెండు వారాలు బతికాను. పొద్దున్నే తొట్ల దగ్గర కుర్చీ వేసుకుని కూర్చునేదాన్ని. అతిథులను ఇదివరకటి కంటే కటువుగా కసిరేదాన్ని. అది రాస్తుంటే ఇప్పుడు చెవులు వేడెక్కుతున్నాయి.

మా ఇంట్లో ఒక అలవాటు ఉంది. నీళ్ళలోకి దిగిన ప్రతిసారీ డైవింగ్ లెక్కల పుస్తకంలో ఒక వరుస రాయాలి: వరుస సంఖ్య, చోటు, లోతు, నిమిషాలు. నా కళ్ళకు డైవింగ్ గడియారంలోని అంకెలు ఆనడం మానేసినప్పటి నుంచీ మైరెలిసే ఆ పని చేసిపెడుతోంది. నెలాఖరున గడియారమూ పుస్తకమూ ఆమె బల్ల మీద పెడతాను. ఆమె అందులోవి చూసి ఇందులోకి ఎక్కించి ఇస్తుంది. సెప్టెంబరు నెలవి హడావిడిలో అలాగే ఉండిపోయాయి. అక్టోబరు ముప్ఫై ఒకటిన, ఏళ్ళ తరబడి చేసినట్టే, రెండూ తీసుకెళ్ళి ఆమె బల్ల మీద పెట్టాను. దిగిన ప్రతిసారీ తేదీ, వేళ, లోతు దాచుకునే ఆ గడియారం ఏమీ మరచిపోదన్న సంగతి నా చెయ్యికి తట్టలేదు.

మర్నాడు పొద్దున పుస్తకం నా కుర్చీలో ఉంది. మైరెలిస్ గుండ్రటి అక్షరాలతో చక్కగా రాసింది. రెండువేల రెండువందల పదమూడు: రేవు, తొమ్మిది మీటర్లు, యాభై రెండు నిమిషాలు. తర్వాత రెండువేల రెండువందల పద్నాలుగు. ఆ సంఖ్య పక్కన ఏమీ లేదు. వరుస మొత్తం ఖాళీ. దాని కింద రెండువేల రెండువందల పదిహేను నుంచి మళ్ళీ అన్నీ నిండుగా ఉన్నాయి.

ఆమె వాకిట్లో ట్యాంకులు తుడుస్తోంది. లైసెన్సు లేని గైడుకు ఆ పనే మిగిలింది.

"ఇక్కడొకటి వదిలేశావు," అన్నాను.

"వదిలెయ్యలేదత్తా," అంది తల ఎత్తకుండా. "నీకు రాయడానికి ఉంచాను."

పదకొండు రోజులు ఆ వరుస ఖాళీగా ఉంచాను. ఆమె ఒక్కసారి కూడా అడగలేదు. పొద్దున్నే కాఫీ ఇచ్చేది. "పంచదార సరిపోయిందా అత్తా?" అని అడిగేది. పన్నెండో రోజు తన బట్టలు రెండు సంచుల్లో సర్దుకుని పట్నంలో స్నేహితురాలి గదికి వెళ్ళిపోయింది. వాళ్ళ నాన్న గేటు దాకా కూడా వెళ్ళలేదు.

అదే పూట నేను కంప్రెసర్ గదికి వెళ్ళాను. విల్ఫ్రిడో నాకు వీపు పెట్టి ట్యాంకు నింపుతున్నాడు. ఆ యంత్రం తిరుగుతుంటే పక్కన ఉరుము ఉరిమినా వినపడదు. ఆ సంగతి నాకు బాగా తెలుసు. తెలిసే ఆ వేళ ఎంచుకున్నానో ఏమో, ఇప్పటికీ నిర్ణయించలేను.

"ఆ గురువారం బండి తీసుకెళ్ళింది నేను," అన్నాను.

"ఆఁ? ఏమిటి?" అన్నాడు తిరగకుండానే.

మళ్ళీ అన్నాను. అతను చెయ్యి చాచి మీట నొక్కాడు. యంత్రం దగ్గి, వణికి, ఆగింది. వాకిట్లో తొట్ల దగ్గర ఉన్న ఇద్దరు అతిథులు కూడా తలెత్తి చూశారు.

"ఇప్పుడు చెప్పక్కా."

మూడోసారి చెప్పాను. నిశ్శబ్దంలో నా గొంతు నాకే పాఠం చెబుతున్నట్టు వినిపించింది.

విల్ఫ్రిడో గుడ్డపేలిక తీసుకుని వేళ్ళు ఒక్కొక్కటీ తుడుచుకున్నాడు. "పొద్దున రేవులో మందు రాసిన రోజేనా?"

"ఆ రోజే. కోటు లోపల కడగలేదు."

"కోటు సంగతి కాదు నేనడిగేది." అతని గొంతు చాలా తగ్గింది. "అన్నం ముందు కూర్చోబెట్టి దాన్ని అబద్ధాలకోరు అన్నాను. నువ్వు వింటున్నావు."

"వింటున్నాను."

కాసేపు నన్ను చూశాడు, కొత్తగా బసలో దిగిన మనిషిని చూసినట్టు. తర్వాత మీట నొక్కాడు. ట్యాంకు ఇంకా నిండలేదు.

రూత్సెల్ ఆఫీసులో నేను చెప్పింది విని కలం కింద పెట్టేశాడు. "టీచరమ్మా, ఇది కాగితం మీదికి రావాలా? సాక్ష్యం చాల్లేదని రాసి మైరెలిస్ లైసెన్సు ఇచ్చేస్తాం. మధ్యలో మీ పేరెందుకు?"

బల్ల మీద గ్లాసు ఉంటే తీసుకుని, నీళ్ళు మొత్తం తాగాను. అంతసేపు ఆలోచించాను. ఆ మాట కూడా రాయాలి.

"రాయి," అన్నాను.

అతను రాశాడు. నేను చదివాను. 'సదరు వాహనం సదరు స్థలానికి తీసుకెళ్ళబడింది' అని ఉంది.

"కర్త ఏడి?" అన్నాను.

"టీచరమ్మా..."

"తీసుకెళ్ళబడదు. ఎవరో తీసుకెళ్తారు. పేరు పెట్టు."

పెట్టాడు. అతని చెవులు ఎర్రబడ్డాయి. రెండేళ్ళ పాటు నీళ్ళలోకి దిగకూడదని నాకు శిక్ష వేశారు. నాకు అరవై ఏడు. కాగితాన్ని పార్కు ఆఫీసు బయట నోటీసు పలక మీద అంటించారు. రొట్టెల కొట్లో నేను వెళ్ళేసరికి మాటలు ఆగేవి. పల్లెత్తు మాట ఎవరూ అనలేదు, జాలిపడ్డారు. దానికి నేను సిద్ధపడి వెళ్ళలేదు.

తొట్ల దగ్గరి కుర్చీ నేనే లోపల పెట్టేశాను.

డిసెంబరులో గాలి మళ్ళీ మొదలైంది. ఒక మధ్యాహ్నం మైరెలిస్ తన మిగిలిన సామాను కోసం వచ్చింది. కార్డు మెడలో ఉంది. ఆమెను యాయా దగ్గర మందు రాసే జట్టులో వేశారని విల్ఫ్రిడో చెప్పాడు. అతను ఆమె గది గుమ్మం దగ్గర నిలబడి, పెట్టె మూత నొక్కి పట్టుకుంటానన్నాడు. అక్కర్లేదంది. అయినా నిలబడే ఉన్నాడు.

ఆమె వెళ్ళేటప్పుడు నేను మెట్ల మీద అడ్డం వచ్చాను.

"ఎన్ని మిగిలాయి?" అన్నాను.

"రెండు."

"నిలుస్తాయా?"

"తెలీదు."

అక్కడితో ఊరుకోవలసింది. ఊరుకోలేదు. "నా కోటు నుంచే అని ఖాయంగా చెప్పొచ్చా?"

మైరెలిస్ పెట్టె కింద పెట్టింది. "చెప్పలేం. ప్రవాహం తెచ్చి ఉండొచ్చు. ఆఫీసులో అందరూ అదే అంటున్నారు. మీరు తీసుకోండి, ఆ మాట మీకే ఇచ్చేస్తున్నాను." గాలికి ముఖం మీద పడ్డ జుట్టు తోసుకుంది. "పగడం గురించి నాకు మీ మీద కోపం లేదు. నేను కూడా చూడాలనిపిస్తే దొంగతనంగా వెళ్ళేదాన్నేమో. కానీ ఆ ఆదివారం నాన్న నన్ను ఆ మాట అన్నప్పుడు నేను మీ వైపే చూశాను. మీరేం చేస్తున్నారో గుర్తుందా?"

ఆమే చెప్పింది.

"చేపముక్కలో ముల్లు తీస్తున్నారు. రెండు వేళ్ళతో, విరగకుండా, ఎంత జాగ్రత్తగానో. తీసి కంచం అంచున పెట్టారు. తర్వాత తిన్నారు."

ఆమె పెట్టె ఎత్తుకుని, మెట్లు దిగి, గేటు వేసి వెళ్ళింది.

ఆ భోజనం గురించి పైన రాశాను. ఏం వండుకున్నామో రాశాను, తమ్ముడు ఏమన్నాడో రాశాను, మైరెలిస్ చెంచా ఎలా పెట్టిందో కూడా రాశాను. నేను అక్కడే ఉన్నానని రాసి ఆపేశాను. ముల్లు సంగతి రాయలేదు. అది మరచిపోయి కాదు.